అమ్మమ్మ చెప్పకుండా వదిలేసిన ఫ్లాష్‌బ్యాక్

పోయిన ఆదివారం సాయంత్రం మా పిన్ని కూతురు వచ్చి, డాబా మీద చాప వేసుకుని కూర్చుని, కాలేజీలో ఇచ్చిన అసైన్‌మెంట్ కాగితం నా ముందు పెట్టింది. అది జర్నలిజం పీజీ చదువుతోంది. ఏదో ఒక రకం సినిమాలు ఎంచుకుని, కథ ఎలా నడుస్తుందో చెప్పిన పాత సిద్ధాంతాలను వాటికి అన్వయించాలి. దానికి దెయ్యాల సినిమాలంటే ప్రాణం కాబట్టి హారర్ తీసుకుంది. "అక్కా, టొడొరోవ్ చెప్పిన ఐదు దశలూ రాసి, ఒక్కోదాని కింద ఒక సీను పెట్టేస్తే అయిపోతుంది కదా" అంది. సరేనని నేనూ తలూపాను. అది వెళ్లిపోయాక మాత్రం నిద్ర పట్టలేదు. అలా అయిపోదని అనిపించింది. ఎందుకో దానికి వాట్సాప్‌లో చెప్పబోతే మెసేజ్ పెరిగి పెరిగి ఇంత అయింది, అందుకని ఇక్కడే రాస్తున్నాను.

టొడొరోవ్ బల్గేరియాలో పుట్టి పారిస్‌లో పనిచేసిన సాహిత్య విమర్శకుడు. ఆయన లెక్క ప్రకారం మొదట అంతా కుదురుగా ఉంటుంది, ఏదో వచ్చి ఆ కుదురును చెడగొడుతుంది, చెడిందని మనుషులు గుర్తిస్తారు, బాగుచేసుకోవడానికి తంటాలు పడతారు, చివరికి మళ్లీ ఒక కుదురు ఏర్పడుతుంది, అయితే అది మొదటిదానిలా ఉండదు. మన దెయ్యం సినిమాకి పెట్టి చూస్తే చక్కగా అతుకుతుంది. కొత్తగా పెళ్లయిన జంట పాత బంగళాలో దిగుతారు, రాత్రిపూట గజ్జెల చప్పుడు, పనిమనిషి చెప్పకుండా మానేస్తుంది, మంత్రగాడో డాక్టరో వస్తాడు, ఆఖర్న అందరూ గుమ్మం ముందు నిలబడి నవ్వుతారు. బాగానే ఉంది. కానీ ఇదే లెక్క ప్రేమకథకీ అతుకుతుంది, ఫ్యాక్షన్ సినిమాకీ అతుకుతుంది, మా వీధిలో రెండేళ్లు నడిచిన గోడ తగాదాకి కూడా అతుకుతుంది. ఇన్నిటికి అతికేది, భయం ఎక్కణ్నుంచి పుడుతుందో చెప్పలేదు.

నాకు తోచింది ఇది. దెయ్యం సినిమాలో కథ ఒకటి ఉండదు, రెండుంటాయి. ఒకటి ఇప్పుడు బంగళాలో దిగిన వాళ్లది, రెండోది ఎప్పుడో అదే బంగళాలో జరిగింది. ఆ పాత కథలో కూడా కుదురు ఉంది, అది చెడింది, చెడిందని అందరికీ తెలుసు కూడా. ఆ తర్వాత బాగుచేసినవాళ్లే లేరు. నాలుగో దశకి వెళ్లకుండానే గది తలుపేసి తాళం పెట్టేశారు. మూడో దశలో ఆగిపోయిన కథకే మనం దెయ్యం అని పేరు పెట్టుకున్నాం. మన మాటలు చూడండి, "తీరని కోరికతో పోయాడు", "ఆత్మ ఘోషిస్తోంది", "వాడి ఉసురు తగిలింది". అన్నీ మిగిలిపోయిన దాని గురించే. చెల్లి తన ఐదు దశలూ బంగళాలో దిగిన జంటకి రాద్దామనుకుంది. ముందు దెయ్యానికి రాసి చూడమని నా మాట. నాలుగూ ఐదూ ఖాళీగా మిగులుతాయి, ఆ రెండు ఖాళీలూ నింపడానికే మిగతా సినిమా అంతా నడుస్తుంది.

దీనికి చంద్రముఖి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2005లో విజయవాడ గాంధీనగర్‌లో ఒక థియేటర్‌లో చూశాం, అమ్మ, పిన్ని, నేను. (చెల్లి అప్పుడు పిన్ని ఒళ్లో.) రాజు ఒక నాట్యగత్తెని సజీవంగా తగలబెట్టిస్తాడు, ఆమె పగ తీరకుండా పోతుంది, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ బంగళాలో దిగి ఆమె గది తెరిచిన గంగ తనే చంద్రముఖి అనుకోవడం మొదలుపెడుతుంది. ఇక డాక్టరు చేసేదేమిటి? మందులు రాయడు, దెయ్యాన్ని సీసాలో బంధించడు. రాజు అని ఆమె నమ్మే మనిషిని ఆమె ఎదుట నిలబెట్టి, అదను చూసి అతని చోట బొమ్మను పెట్టి, ఆమె చేత పగ తీర్పిస్తాడు. రాజు చచ్చాడని ఆమె నమ్ముతుంది, గంగ మామూలు మనిషి అవుతుంది. అంటే వైద్యం నాటకమే! ఆగిపోయిన కథకి ఆఖరి అంకం ఆడించారు, అంతే. 1993 నాటి మలయాళ మాతృకలోనూ ఇంతే, బొమ్మే.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. మలయాళంలో ఆ నాట్యగత్తె తమిళం మాట్లాడుతుంది. కన్నడంలోనూ తమిళంలోనూ తీసేటప్పటికి ఆమెది తెలుగైంది, ఆ రెండు సినిమాల్లోనూ ఆమె పాడే 'రారా' పాట తెలుగులోనే ఉంటుంది. లెవీస్ట్రాస్ అనే మానవశాస్త్రవేత్త కథల్లో అర్థం జంట వైరుధ్యాల నుంచి పుడుతుందంటాడు, ఇల్లు-అడవి, పచ్చి-వండినది, మనవాడు-పరాయివాడు అలాగ. ఆ సినిమాల్లో దెయ్యం భాష పక్క రాష్ట్రం భాష. మన డబ్బింగ్‌కి వచ్చేసరికి ఆ గీత చెరిగిపోయింది. గొంతు మారుతుంది, కళ్లు మారతాయి, కానీ భాష మనదే. తమిళ ప్రేక్షకుడు వెనక్కి జరిగిన చోట మనం కాస్త ముందుకి వంగి విన్నామని నా నమ్మకం. పిన్ని అయితే ఆ పాట దగ్గర ఏడ్చేసింది.

ఆ రోజు పిన్ని చీర కొంగు నాకిప్పటికీ గుర్తే. ఇంటర్వెల్ దాకా అదే కొంగు ముఖం మీద కప్పుకుని సందులోంచి చూసింది, సెకండాఫ్‌లో అదే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అరిస్టాటిల్ విషాద నాటకం గురించి చెబుతూ అది జాలినీ భయాన్నీ కలిగించి ఆ ఉద్వేగాలను కడిగేస్తుందన్నాడు. ఆయన రెండూ కలిపి చెప్పాడు. మన దర్శకులు మధ్యలో ఇంటర్వెల్ పెట్టి రెంటినీ విడదీశారు. ఫస్టాఫ్ భయానికి, సెకండాఫ్ జాలికి. ఫ్లాష్‌బ్యాక్ మొదలవగానే దెయ్యం ఎవరో తెలిసిపోతుంది, పేరు తెలుస్తుంది, ఊరు తెలుస్తుంది, దానికి జరిగిన అన్యాయం తెలుస్తుంది, ఇక భయపడటం కష్టం. చాలా తెలుగు హారర్ సినిమాలు సెకండాఫ్‌లో తేలిపోతున్నాయని జనం అనేది దీని వల్లే అనుకుంటాను. తేలిపోయిన చోటల్లా కారణం ఒకటే, భయం స్థానంలో జాలి రావాల్సింది పోయి ఉత్త సమాచారం వచ్చింది. ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో వరసగా చెప్పుకుపోతారు, ఏడిపించడం మర్చిపోతారు.

టొడొరోవ్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే చెల్లి ఆయన్ని సగమే చదివింది. ఆ ఐదు దశల కంటే హారర్‌కి ఎక్కువ పనికొచ్చే మాట ఆయనే 1970లో వచ్చిన మరో పుస్తకంలో చెప్పాడు. కళ్ల ముందు ఏదో వింత జరిగింది. అది మన భ్రమా, లేక లోకమే మనం అనుకున్నట్టు లేదా? ఈ రెంటి మధ్య ఊగిసలాడినంతసేపే ఆ వింతకి ప్రాణం. భ్రమ అని తేలినా, నిజంగానే దెయ్యం ఉందని తేలినా, తేలిన మరుక్షణం అది వేరే జాతి కథ అయిపోతుంది. వంటింట్లో గిన్నె పడిన చప్పుడైతే "పిల్లేమో" అనుకుంటాం చూడండి, ఆ 'ఏమో'లో ఉన్న భయం పిల్లిని చూశాక ఉండదు. దెయ్యాన్ని చూశాక కూడా ఉండదు, అప్పుడుండేది పరుగే. కాబట్టి చెల్లీ, సినిమాలో దెయ్యం మొదటిసారి ఎన్నో నిమిషంలో కనిపించిందో చూడటం కంటే, 'ఏమో' ఎన్నో నిమిషంలో ఆగిపోయిందో రాసుకో.

ఇక ప్రాప్. వ్లదీమిర్ ప్రాప్ రష్యన్, 1928లో పుస్తకం రాశాడు. వంద జానపద అద్భుత కథలు ముందేసుకుని, పాత్రలు ఎవరైనా కానీ కథలో జరిగే పనులు మాత్రం 31 రకాలే అని, అవి వచ్చే వరస కూడా మారదని తేల్చాడు. ఏ కథలోనూ ముప్పై ఒకటీ ఉండాలని లేదు, ఉన్నవి మాత్రం ఆ వరసలోనే వస్తాయి. ఆ పట్టికలో మొదటి మూడూ నాకు ప్రాణం. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో బయటికి వెళతారు. వెళుతూ 'ఫలానా పని చేయొద్దు' అంటారు. ఆ పని చేసేస్తారు. హారర్ అంతా ఈ మూడింటి మీదే నిలబడి ఉంది. ఆ గది తెరవొద్దు, ఆ ఊరి దారిన రాత్రి వెళ్లొద్దు, ఆ పెట్టె ముట్టుకోవద్దు. మిగతా కథల్లో ఈ నిషేధం కథను కదిలించే సాకు. హారర్‌లో మాత్రం నిషేధం దగ్గరే ఆగి అడగాలి, వద్దన్నది ఎవరు? ఎందుకు వద్దన్నారు? చాలాసార్లు 'ఆ గది తెరవొద్దు' అన్న మాట, ఆ గదిలో నేరం చేసినవాళ్ల ఇంటి నుంచే వచ్చి ఉంటుంది. పిల్లల్ని కాపాడటానికి అన్నట్టు వినిపిస్తుంది గానీ, దాని వెనక పాత కథను ఎవరూ పూర్తి చేయకుండా చూసుకునే జాగ్రత్త ఉంది.

అరుంధతిలో ఇది కొంచెం తిరగబడుతుంది. 2009లో కోడి రామకృష్ణ తీసిన సినిమా అది, చెల్లి పదిసార్లు చూసి ఉంటుంది. అక్కడ సమాధిలో ఉన్న పశుపతి అన్యాయానికి గురైనవాడు కాదు, అన్యాయం చేసినవాడే. మరి వాడెందుకు దెయ్యమయ్యాడు? వాడి కథ కూడా మధ్యలో ఆగింది కాబట్టే. ప్రాణం తీస్తే ఇంకా ప్రమాదమని వాణ్ని బతికుండగానే సమాధి చేశారు, అంటే శిక్ష కూడా పూర్తి కాలేదు. అదే ఊళ్లో ఇంకో కథ కూడా పూర్తి కాకుండా ఉంది, హీరోయిన్ గత జన్మ అయిన జేజమ్మది. తన ఎముకలతో ఆయుధం తయారు కావాలని ఆమె ప్రాణం వదిలేస్తుంది, దధీచి చేసినట్టే. ప్రాప్ పట్టికలో హీరో చేతికి మహిమగల వస్తువు అందడం ఒక పని. ఇక్కడ ఆ వస్తువు హీరోయిన్ గత జన్మ ఎముకే! రష్యన్ కథల్లో ఆ వస్తువు ఇచ్చే దాత వేరు, హీరో వేరు. పునర్జన్మను నమ్మే మన కథలో దాతా గ్రహీతా ఒక్కరే అయ్యారు. అసైన్‌మెంట్‌లో ఈ ఒక్క ముక్క రాసినా దానికి మంచి మార్కులు వేయాలని నేనంటాను.

పడమటి వాళ్ల దగ్గర ఈ పాత్రల లెక్కను కావాలని చెడగొట్టి భయపెట్టినవాడు దర్శకుడు హిచ్‌కాక్. 1960 నాటి సైకోలో హీరోయిన్ 40,000 డాలర్లు దొంగిలించి పారిపోతుంది, ఆమె దొరుకుతుందా లేదా అని మనం టెన్షన్ పడుతుంటాం, సినిమా సగం కూడా కాకముందే ఆమెను స్నానాల గదిలో చంపేస్తారు. ఆ తర్వాత చాలాసేపు ఎవరి వెంట నడవాలో తెలియదు. సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని ఆయన పట్టుబట్టింది అందుకే, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆమె కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు కదా.

ఇన్ని పేర్లు చెప్పాక భరతుణ్ని వదిలేస్తే మనసొప్పదు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానక రసం ఎక్కణ్నుంచి పుడుతుందో జాబితా ఉంది. వికృతమైన చప్పుళ్లు, భూతాలు కనబడటం, నక్కల, గుడ్లగూబల అరుపులు, శూన్యాగారానికీ అరణ్యానికీ వెళ్లడం, అయినవాళ్ల చావునో బందీ కావడాన్నో చూడటం, వినడం, ఆ ముచ్చట చెప్పుకోవడం. శూన్యాగారం అంటే ఖాళీ ఇల్లు! దెయ్యాల సినిమా మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నాకు ఇంకా నచ్చింది ఆ చివరిది. చూడక్కర్లేదు, చెప్పుకుంటే చాలు, భయం పుడుతుంది. కాళ్లూ చేతులూ వణకడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, ముఖం పాలిపోవడం, గొంతు మారిపోవడం, ఇవి దాని గుర్తులు. పాశ్చాత్య సిద్ధాంతాలు కథ లోపల ఏం జరుగుతుందో చెబుతుంటే ఈయన చూసేవాడి ఒంట్లో ఏం జరుగుతుందో దాకా వచ్చాడు. హారర్ గురించి రాసేటప్పుడు ఒళ్లు లేకుండా ఎలా రాస్తాం?

ఇప్పుడు నా మాటకే అడ్డొచ్చే సినిమా ఒకటి చెప్పాలి, లేకపోతే నిజాయితీ కాదు. దెయ్యానికి కావాల్సింది ముగింపు అన్నాను కదా. 1998లో జపాన్‌లో వచ్చిన రింగులో ఒక వీడియో టేపు చూసినవాళ్లు ఏడు రోజుల్లో చచ్చిపోతారు. ఆ టేపు తనూ చూసిన ఒక విలేకరి, ఒక పిల్లాడి తల్లి, పరిశోధించి, బావిలో తోసేస్తే చనిపోయిన సదాకో అనే అమ్మాయి కథ తెలుసుకుని, బావిలో దిగి ఆమె అస్థిపంజరాన్ని బయటికి తీస్తుంది. మన లెక్కలో అక్కడితో అయిపోవాలి. ఎముకలు దొరికాయి, అన్యాయం తెలిసింది, శాంతి. కానీ మర్నాడే ఆమె మాజీ భర్త చచ్చిపోతాడు. ఆమె ఎందుకు బతికిందంటే టేపుకి కాపీ తీసి అతనికి చూపించింది కాబట్టి. ఇక టేపు చూసేసిన కొడుకును బతికించుకోవాలంటే వాడి చేత ఇంకెవరికో చూపించాలి, టేపు పట్టుకుని తన తండ్రి ఇంటికి కారులో బయల్దేరుతుంది. సదాకోకి ముగింపు అక్కర్లేదు, తన కథ ఒకరి నుంచి ఒకరికి అందుతూ ఉంటే చాలు. టొడొరోవ్ ఐదో దశ ఎప్పటికీ రాదు.

మొదటిసారి చూసినప్పుడు ఇది పూర్తిగా పరాయిదనుకున్నాను. తర్వాత చందమామ గుర్తొచ్చింది. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు, శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఆ కథలకి భయపడి చదవడం మానేసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. కానీ ఆ చట్రం ఒక్కసారి విడిగా చూడండి, కథ ముగియడమే కథ మళ్లీ మొదలవడానికి కారణం. ఇంకొకటి, మా చిన్నప్పుడు చాలా ఇళ్ల తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతో రాసి ఉండేది. ఆమె వస్తుంది, చదువుతుంది, వెళ్లిపోతుంది, మర్నాడు మళ్లీ వచ్చి అదే చదువుతుంది. ఆమెను ఎవరూ చంపలేదు, శాంతింపజేయలేదు, ఏం కావాలని అడగను కూడా లేదు. ఊరంతా కలిసి ఆ కథను ఒక్క వాక్యంతో రోజుకొక రోజు వాయిదా వేసింది. ఆ రాతలు ఎవరూ తుడిచినట్టు నాకు గుర్తులేదు, సున్నాలు వేసినప్పుడు వాటంతట అవే పోయాయి.

సత్యనారాయణపురంలో మా అమ్మమ్మ ఇంటికి కొంచెం దూరంలో అప్పట్లో రైలు పట్టాలుండేవి. "దీపాలు పెట్టాక పట్టాల వైపు పోకండి, అక్కడ ఒకావిడ కూర్చుని ఉంటుంది" అనేది అమ్మమ్మ. అంతే, ఇంకేమీ చెప్పేది కాదు. ఆవిడ మన వెంట పడుతుందని గానీ, పీక నొక్కుతుందని గానీ ఎప్పుడూ అనలేదు. కూర్చుని ఉంటుంది. ప్రాప్ ముప్పై ఒకటిలో ఉన్నది ఒక్క నిషేధమే, ఆ నిషేధాన్ని మేమెవరం దాటలేదు కాబట్టి మిగతా ముప్పై జరగనే లేదు. తర్వాత పట్టాలు తీసేశారు, అక్కడే బస్సుల కోసమని బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు, లైట్లొచ్చాయి, బళ్లొచ్చాయి. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. మా చెల్లి ఆ పట్టాలు చూసిందే లేదు. అయినా రాత్రి స్కూటీ మీద ఆ రోడ్డున వెళ్లాలంటే దానికి మెడ వెనక ఎవరో ఉన్నట్టే ఉంటుందట. దానికి ఆ ముచ్చట చెప్పింది నేనే, దానికి ఏడెనిమిదేళ్లప్పుడు, కరెంటు పోయిన ఒక రాత్రి.

ఇదంతా మెసేజ్‌లో సగం టైప్ చేస్తుండగా అదే అడిగింది, "ఇంతకీ ఆవిడ ఎవరక్కా?" అని. నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకీ తెలియదట. "మేమూ అడగలేదే, అడిగితే మాట మార్చేసేది" అంది. ఫోన్ పెట్టేసే ముందు, గుర్తొచ్చినట్టుగా ఇంకో మాట చెప్పింది. అమ్మ చిన్నప్పుడు ఇద్దరూ గుడి నుంచి ఆ దారిన వచ్చేవాళ్లట. పట్టాలు దాటేటప్పుడు అమ్మమ్మ ఒక్కోసారి ఆగి, జడలోంచి పూలు కొన్ని తుంచి, కంకర రాళ్ల మీద పెట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడకుండా ఇంటికి వచ్చేసేదట.